పరాజయ సహాయకురాలు, గ్రేడు-టూ

నూకరత్నం కూతురికి ఓడిపోయే ఉద్యోగం వచ్చిందని మా పక్కింటి సూరయమ్మ చెప్పిందట. చెప్పింది నాతో కాదు, మా ఆవిడతో. మా ఆవిడ నాకు అన్నం వడ్డిస్తూ చెప్పింది. సూరయమ్మ చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చేసుకుని వినడం మా వీధిలో అందరికీ అలవాటే. కిందటేడు పశువుల డాక్టరుగారికి రెండో పెళ్ళయిందని చెప్పింది. తీరా కనుక్కుంటే ఆయనకు బదిలీ అయింది.

"రోజూ పొద్దున్నే వెళ్ళి ఓడిపోయి రావాలంట. దానికి గవర్నమెంటు జీతం ఇస్తదంట. సూరయమ్మ కాయితం కూడా చూసిందంట," అంది మా ఆవిడ.

"సూరయమ్మకి చదువు రాదు కదా."

"రాదు గనకే నమ్మాను. వస్తే సొంతంగా నాలుగు ముక్కలు కలిపి చెప్పేది."

సాయంత్రానికి నూకరత్నమే కాగితం పట్టుకుని వచ్చింది. మా ఊళ్ళో బి.ఏ. చదివి జీడితోట చేసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే గనక, ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివిపెట్టే పని నాది. నూకరత్నం జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. ఆ పిక్కల నూనెకి వేళ్ళు కాలి, తోలు ఊడి, నల్లగా మాడిన బెండకాయల్లా ఉంటాయి. కాగితానికి మసి అంటకుండా చీర చెంగుతో పట్టుకుని నాకిచ్చింది.

'జాతీయ టెన్నిస్ ప్రతిభా వికాస మండలి వారి పథకం కింద, గుర్తింపబడిన ప్రతిభావంతుల ఆత్మవిశ్వాస పరిరక్షణార్థం, కుమారి గంపా లోవకుమారిని పరాజయ సహాయకురాలు, గ్రేడు-టూ పోస్టులో పూర్తిగా తాత్కాలిక ప్రాతిపదికన నియమించడమైనది. సదరు ఉద్యోగి విధి నిర్వహణ వేళల్లో ఎట్టి పరిస్థితుల్లోనూ గెలుపొందరాదు' అని ఉంది.

"ఏటన్నారు అన్నయ్యా?"

"గెలవకూడదన్నారు."

"అంతేనా? బరువులెత్తక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"ఎండలో నిలబెడతారా?"

"కాసేపు."

"అయితే మంచి ఉద్యోగవే," అంది నూకరత్నం.

నిజానికి ఆ పిల్లకు ఈ పని కొత్త కాదు. లోవ తాత, మా ఊరి పెద్ద భూస్వామిగారి అరుగు మీద ఆయనతో పులిజూదం ఆడి ఓడిపోయేవాడు. ఊరికే ఓడిపోతే ఆయనకు కోపం వచ్చేది, నన్ను మెప్పించడానికి ఓడావా అని. అందుకని ఆ ముసలాయన దొరగారికి చెమటలు పట్టించి, మేకలతో పులిని దాదాపు కట్టేసి, ఆఖరి రెండెత్తుల్లో ఓడేవాడు. ఆపైన గిద్దెడు కాఫీ దొరికేది. లోవ తండ్రి గోవిందు, టౌన్లో ఆఫీసర్ల క్లబ్బులో టెన్నిస్ మార్కరు. అంటే కోర్టుకు సున్నం గీతలు గియ్యడం, ఆడేవాళ్ళు తక్కువైతే తాను ఆడటం. చనిపోయేదాకా ఎందరో తాసీల్దార్ల చేతుల్లో, ఎక్సైజు వాళ్ళ చేతుల్లో ఓడిపోయాడు. కూతురికి రాకెట్ పట్టడం నేర్పింది ఆయనే. "బంతి ఎక్కడికి కొట్టాలో ఎవడైనా నేర్చుకుంటాడు, దొరగారి బ్యాటు ఎక్కడుందో చూసుకోడం నేర్చుకో" అని చెప్పేవాడట.

ఇంతకీ ఈ ఉద్యోగాలు ఎందుకు పుట్టాయో చెప్పాలి.

పన్నెండేళ్ళప్పుడు టెన్నిస్‌లో మెరుపుల్లా మెరిసిన పిల్లలు పద్దెనిమిది దాటేసరికి ఎందుకు కనబడకుండా పోతున్నారన్నది మండలి పెద్దలకు పట్టుకున్న చింత. ఒక కన్సల్టెన్సీని పెట్టి అధ్యయనం చేయించారు. మూడు వందల పేజీల నివేదిక తేల్చింది ఏమిటంటే, ఆట మానేసిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ అంతకుముందు ఎప్పుడో ఒకప్పుడు ఓడిపోయి ఉన్నారు. ఒక్కరు కూడా దీనికి మినహాయింపు కాదు. రోగం దొరికింది.

మా రాష్ట్రంలో మండలి శాఖకు ప్రభంజనరావుగారు డైరెక్టరుగా వచ్చారు. అంతకుముందు ఆయన మత్స్యశాఖలో చేశారు. ప్రారంభోత్సవం నాడు ఆయన మాట్లాడిన మాటలు పేపర్లో పడ్డాయి. "రొయ్యల చెరువులో సీడు వదులుతాం. అందులో ఒక్క కొర్రమీను ఉందనుకోండి, సీడంతా స్వాహా. ప్రతిభ అనేది సీడు, ఓటమి అనేది కొర్రమీను. మశూచిని నిర్మూలించిన దేశానికి ఓటమి ఒక లెక్క కాదు. గుర్తింపబడిన ఏ క్రీడాకారుడూ, ఏ దశలోనూ, ఏ కారణం చేతనూ ఓడిపోకుండా సమగ్ర చర్యలు తీసుకోవడం జరుగుతుంది."

ప్రతిభను గుర్తించే పని ఎనిమిదో ఏటితో ముగుస్తుంది. ఆ వయసులో ఎత్తు కొలుస్తారు, మణికట్టు కొలుస్తారు, తల్లిదండ్రుల చేత నిబద్ధతా పత్రం రాయించుకుంటారు. అలా మా రాష్ట్రానికి ఒక్క అమ్మాయి గుర్తింపబడింది. పేరు తన్వి. ఆ అమ్మాయిని గెలిపిస్తూ ఉండటానికి నలుగురు పరాజయ సహాయకులు కావాలని నోటిఫికేషను పడింది. నాలుగు పోస్టులకు అరవై ఏడు మంది వచ్చారు. ఎంపిక ఎలా జరిగిందో లోవే నాకు చెప్పింది.

అభ్యర్థులను ఇద్దరిద్దరిని దింపి ఆడించారట. ఓడినవాడికి ఉద్యోగం. మొదటి జంటలో సర్వీసు చేసినవాడు వరసగా బంతులన్నీ నెట్‌కే కొట్టాడు. రెండోవాడి వంతు వచ్చింది, వాడూ అంతే. ఎవడి సర్వీసు వాడు పోగొట్టుకుంటూ ఆరు-ఆరు దగ్గరకు వచ్చారు. గంటన్నర గడిచింది, బంతి ఇంకా నెట్ దాటలేదు. ప్రభంజనరావుగారు ఆపించేశారు.

"ఇది పరాజయం కాదు, నిర్లక్ష్యం," అన్నారు. "ప్రతిభావంతులకు అనుమానం వస్తుంది. ఓటమిలో సహజత్వం ఉండాలి. పోరాటపటిమ కనబడాలి."

ఎమ్మెల్యేగారి లెటరు పట్టుకొచ్చిన ఒక కుర్రాడు కళ్ళు మూసుకుని అడ్డదిడ్డంగా కొట్టాడట. కొట్టినవన్నీ పోయి గీత మీద పడ్డాయి. గెలిచేసి, ఏడ్చుకుంటూ బస్సెక్కాడు.

లోవ వంతు వచ్చేసరికి ఎదుటి మనిషి లేడు. ప్రభంజనరావుగారే రాకెట్ తీసుకుని లేచారు. ఆయన జన్మలో రాకెట్ పట్టిన మనిషి కాదు. పట్టుకోవడం కూడా కూరలో గరిటె పట్టుకున్నట్టు పట్టుకున్నారట. అటువంటి మనిషి చేతిలో ఒక్క గేమ్ ఓడటమే కష్టం. లోవ మూడు సెట్లు లాగింది. ఆయన రాకెట్ ఎక్కడుందో చూసి దానికి బంతి తగిలించింది. తగిలిన బంతి ఎటు పోతుందో ముందే కనిపెట్టి, దానికి అరగజం దూరంలో బోర్లా పడింది. ఆఖరి సెట్టు ఏడు-ఐదు. ప్రభంజనరావుగారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "అమ్మాయిలో స్టఫ్ ఉంది. నా బ్యాక్‌హ్యాండ్ దగ్గర కొంచెం ఇబ్బంది పడింది గానీ," అన్నారట. ఆ రోజు నుంచి ఆయన ఆఫీసుకు కూడా మణికట్టుకు బ్యాండు పెట్టుకుని వచ్చేవారు.

ఉద్యోగంలో చేరాక లోవకు నిబంధనల పుస్తకం ఇచ్చారు. మొదటి సెట్టు సహాయకురాలు గెలవవచ్చు గానీ మొత్తం మీద గెలవరాదు. ఓడిన వెంటనే నడుం మీద చేతులు పెట్టుకుని ఒక నిట్టూర్పు విడవాలి. ఆపైన నెట్ దగ్గరకు వచ్చి, 'ఈరోజు మీ సర్వీసు అందుకోలేకపోయానండి' అనిగాని, 'మీ షాట్ చూసి నేర్చుకోవాలండి' అనిగాని రెండింటిలో ఒక వాక్యం చెప్పాలి. సొంత వాక్యాలు చెప్పరాదు.

ఒకసారి తన్వి నెట్ దగ్గర లోవ చెయ్యి పట్టుకుని ఆపి అడిగిందట, "నువ్వు కావాలని వదిలేస్తున్నావా?" అని.

"నువ్వేమన్నావే?" అన్నాను నేను.

"మీ షాట్ చూసి నేర్చుకోవాలండి అన్నాను మావయ్యా. రెండోసారి అడిగింది. ఈరోజు మీ సర్వీసు అందుకోలేకపోయానండి అన్నాను. మూడోసారి అడగలేదు."

ఆదివారాలు ఇంటికి వచ్చినప్పుడు మా జీడితోట పక్కన పిక్కలు ఎండబోసే సిమెంటు కళ్ళం మీద, గోడకేసి ఒక్కతే ఆడుకునేది. ఆ గోడకు బొగ్గుతో ఒక మనిషి బొమ్మ గీసి, బంతి ఆ మనిషికి అటుపక్కోసారి ఇటుపక్కోసారి గోడకు తగిలేలా కొట్టేది. బొమ్మకు మాత్రం ఒక్కసారీ తగలనిచ్చేది కాదు.

"వారమంతా మనిషి ఉన్న చోటికే కొట్టాలి మావయ్యా," అంది ఒకసారి. "ఒక్క మ్యాచ్, ఒక్కటంటే ఒక్కటి, మనిషి లేని చోటికి కొట్టాలనుంది. ఆ తరవాత ఏవైనా పరవాలేదు."

"ఉద్యోగం పోతే?"

ఆ పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది. నూకరత్నం ఫ్యాక్టరీ మానేసి అప్పటికి ఏడాదిన్నర. వేళ్ళ మీద కొత్త తోలు వచ్చింది, లేత గులాబిరంగులో, చంటిపిల్ల వేళ్ళలా. లోవ బంతి తీసుకుంది.

పథకం అలా కొన్నేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. ఒక్క చిక్కు వచ్చింది. ప్రతి రాష్ట్రంలోనూ ఒక్క ఓటమి కూడా ఎరగని ప్రతిభావంతులు తయారయ్యారు. వాళ్ళందరికీ కలిపి జాతీయ పోటీలు పెట్టాలి. ఇద్దరు ప్రతిభావంతులు ఎదురెదురుగా నిలబడితే, ఎవరో ఒకరు ఓడిపోయే ప్రమాదం ఉంది. మండలి అత్యవసరంగా సమావేశమైంది. రెండు రోజులు తర్జనభర్జన పడి, ఫైనల్ అనేది వలస పాలకులు వదిలిపోయిన పద్ధతి అనీ, అందులో ఒకరి గెలుపు కోసం మరొకరి ఆత్మవిశ్వాసాన్ని బలిపెట్టే అమానుషత్వం ఉందనీ తీర్మానించారు. దాని బదులు, ప్రతి రాష్ట్రం ప్రతిభావంతురాలూ పక్క రాష్ట్రం నుంచి డెప్యుటేషను మీద వచ్చిన పరాజయ సహాయకురాలితో ఆడుతుంది. ఆ ఏడు ఒకే విభాగంలో దేశానికి ఇరవై ఎనిమిది మంది చాంపియన్లు వచ్చారు. ప్రపంచంలో ఏ దేశానికీ అంతమంది లేరని ప్రభంజనరావుగారు రేడియోలో చెప్పారు.

లోవకు ఆ సందర్భంగా 'ఉత్తమ పరాజిత' ప్రశంసాపత్రం ఇచ్చారు. నూకరత్నం దాన్ని ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టుకుంది. సూరయమ్మ వచ్చి చూసి, "ఏటుంది ఇందులో?" అని అడిగితే, "మా పిల్లంత బాగా ఎవరూ ఓడలేదని ఉంది," అని చెప్పిందట. సూరయమ్మ ఈర్ష్య పట్టలేక రెండు రోజులు మా ఇంటికి రాలేదు.

ఆ తరవాత ఢిల్లీలో అంతర్జాతీయ పోటీలు వచ్చాయి. మన రాష్ట్రం తరఫున తన్వి వెళ్ళింది. అక్కడ ప్రాక్టీసులో కూడా ఓడకూడదు గనక లోవను వెంట తీసుకెళ్ళారు.

తన్వికి మొదటి మ్యాచ్‌లో తగిలింది ఏదో మంచుదేశం పిల్ల. ఆరు-సున్నా, ఆరు-సున్నా. నలభై నిమిషాలు. బంతి తన్వి లేని చోటికి వచ్చింది. అలా రావచ్చని ఆ పిల్లకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ప్రభంజనరావుగారు అధైర్యపడలేదు. అక్కడికక్కడే నోట్ రాయించారు. 'మన క్రీడాకారిణి తన సహజ ధోరణిలోనే ఆడింది. లోపమల్లా ఎదుటి క్రీడాకారిణికి తగిన శిక్షణ లేకపోవడమే. ఆమె వాలకం చూస్తే ఓడటం అనే ప్రక్రియ గురించి ప్రాథమిక అవగాహన కూడా ఉన్నట్టు లేదు. సంబంధిత దేశపు సమాఖ్యకు మన పరాజయ సహాయకుల సేవలను స్నేహపూర్వకంగా అందించే ప్రతిపాదన పరిశీలించవచ్చు.'

మర్నాడు పొద్దున లోవ ఖాళీ కోర్టు పక్కన కూర్చుని ఉంటే, ఆ మంచుదేశం పిల్ల వచ్చి, ప్రాక్టీసుకు ఎవరూ దొరకలేదు, నాతో ఒక మ్యాచ్ ఆడతావా అని సైగ చేసిందట. లోవ రూలు తప్పే మనిషి కాదు. పక్కనే ఉన్న సూపర్‌వైజరును అడిగింది.

"ఈమెతో ఓడాలాండి?"

ఆయన గెలిపించవలసినవాళ్ళ జాబితా తీసి రెండుసార్లు పైనుంచి కిందకు చదివాడు. "ఈ పేరు లిస్టులో లేదమ్మా."

"మరేం చెయ్యమంటారు?"

"నాకు ఉత్తర్వులు లేవు. నీ ఇష్టం."

ఆరు-మూడు, ఆరు-నాలుగు. చుట్టూ మూగినవాళ్ళలో ఎవరో ఫోన్లో తీశారు. మా ఊళ్ళో నేనూ చూశాను. ఆ మంచుదేశం పిల్ల అటు పరిగెత్తితే బంతి ఇటు, ఇటు పరిగెత్తితే అటు. చివరి బంతికి ఆ పిల్ల కదలకుండా నిలబడి చూసి, రాకెట్ చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టింది. అలవాటు కొద్దీ లోవ నెట్ దగ్గరకు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిట్టూర్చింది.

నాలుగు రోజులకు ఛార్జి మెమో వచ్చింది. నూకరత్నం మళ్ళీ చెంగుతో కాగితం పట్టుకుని వచ్చింది, ఇప్పుడు వేళ్ళకు మసి లేకపోయినా. 'విధి నిర్వహణలో ఉండగా పై అధికారుల పూర్వానుమతి లేకుండా గెలుపొంది, తద్వారా పథకం మౌలిక స్ఫూర్తికి భంగం కలిగించినందుకు మీపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో' అని చదివాను.

"గెలిత్తే తప్పేటి అన్నయ్యా?"

"ఉద్యోగంలో ఉండగా తప్పేనమ్మా."

"మరి ఉద్యోగం లేనోళ్ళు గెలవొచ్చా?"

"వాళ్ళను ఆడనివ్వరు."

విచారణకు నేనూ వెళ్ళాను, తల్లికి కాగితాలు చదివిపెట్టే మనిషిగా. బస్సులో నూకరత్నం కూతురితో ఒక్కటే మాట అంది. "ఏదో కాయితం మీద సంతకం అడుగుతారంట. పెట్టెయ్యమ్మా, కాయితవే గదా." లోవ కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది.

ప్రభంజనరావుగారి గదిలో బల్లకు ఒక పక్క ఆయనా, న్యాయ సలహాదారూ కూర్చున్నారు. ఇంకో పక్క మేము. గోడవారన కుర్చీలో తన్వి కూర్చుని ఉంది, సాక్షిగా పిలిపించారట. అంతకుముందు ఆ పిల్లను నేను పేపర్లో కప్పు పట్టుకుని నవ్వుతుండగానే చూశాను. ఇప్పుడు నవ్వు లేకపోతే వయసు తక్కువగా కనబడుతోంది.

"చూడండి," అన్నారు న్యాయ సలహాదారు, "మొదట ఈ గెలుపును సాంకేతికంగా ఏ శీర్షిక కింద చూడాలన్నది సమస్య. ప్రతిభావంతురాలు గెలిస్తే అది విజయం. ఈమె ప్రతిభావంతురాలు కాదు."

"ఆ మంచుదేశం పిల్లను గెలిచింది కదండీ," అన్నాను నేను.

"గెలిచింది. కానీ ఎనిమిదో ఏట గుర్తింపబడలేదు. గుర్తింపబడని ప్రతిభకు ప్రస్తుత నియమావళిలో చోటు లేదు. పైపెచ్చు మా రికార్డుల ప్రకారం ఈమె తన్విగారి చేతిలో నాలుగు వందల పన్నెండుసార్లు ఓడింది. అన్నిసార్లు ఓడిన మనిషిని ప్రతిభావంతురాలని ఎలా అంటారు?"

"ఓడమని జీతమిచ్చింది మీరే కదండీ."

"అది వేరే సెక్షను."

ప్రభంజనరావుగారు మణికట్టు బ్యాండు సవరించుకుని, గొంతు మెత్తబరిచారు. "లోవా, నీమీద నాకు వ్యక్తిగతంగా ఎంతో అభిమానం. నీ ఆటతో నేను స్వయంగా తలపడ్డాను. నీ స్థాయి ఏమిటో నాకు తెలుసు." అని ఒక కాగితం ముందుకు జరిపారు. "పొరపాటున గెలిచానని రాసి ఉంది. సంతకం చెయ్యి. మెమో ఉపసంహరించుకుంటాం. అంతేకాదు, గ్రేడు-వన్ ఇచ్చి పర్మనెంటు చేస్తాం. అరవై ఏళ్ళు వచ్చేదాకా హాయిగా ఓడిపోవచ్చు."

నూకరత్నం కాగితం వైపు చూసింది. ఆమెకు అక్షరాలు రావు గానీ పర్మనెంటు అనే మాట తెలుసు. కూతురి మోచేతిని మెల్లగా ముందుకు తోసింది.

లోవ కలం తీసుకుంది. కాగితాన్ని పూర్తిగా చదివింది. మళ్ళీ ఒకసారి చదివింది. ఆ పైన కలం మూత పెట్టి బల్ల మీద పెట్టింది.

"పొరపాటు కాదండి. కావాలనే గెలిచాను."

"అమ్మాయీ, ఆలోచించుకో. ఈ గడప దాటితే ఎక్కడా ఆడలేవు."

"ఆలోచించానండి. ఆ మ్యాచ్ ఒక్కటే నేను ఆడింది. దాన్ని కూడా కాదని రాసెయ్యమంటే ఎలాగండి?"

నూకరత్నం చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ చెంగు కింద పెట్టుకుంది.

ప్రభంజనరావుగారి ముఖం ఎర్రబడింది. ఈ పిల్లతో పని లేదన్నట్టు కుర్చీ గోడవైపు తిప్పారు. "సరే. రికార్డు కోసం సాక్షిని అడుగుదాం. తన్వీ, నువ్వు చెప్పమ్మా. ఈ అమ్మాయితో నువ్వు నాలుగు వందల పన్నెండు మ్యాచ్‌లు ఆడావు. ఒక్కదాంట్లో కూడా ఈమె నిన్ను గెలవలేకపోయింది. నీతో ఆడే స్థాయి ఈమెకు లేదని నీకు ఎప్పుడు అర్థమైందో సలహాదారుగారికి చెప్పు. భయపడకు, మేమంతా నీ వెనక ఉన్నాం."

తన్వి లేచి నిలబడింది. లోవ వైపు చూసి, డైరెక్టరుగారి వైపు తిరిగింది.

"నాకు ఆట రాదని నాకు ఢిల్లీలో తెలిసింది సార్. మీకెప్పుడు తెలిసింది?"